"గొంతు మూసుకుపోయింది, మాస్టారూ": మాస్క్ దగ్గర ఆగిపోయిన ఒక ఈతగాడి కేస్ స్టడీ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు చేపల వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ రెండు నెలలూ మరపడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకునేవారు చేసుకుంటారు, కూలికి వెళ్లేవారు వెళ్తారు. గత ఏడాది ఆ రోజుల్లోనే పూసపాటిరేగ మండలం తీరం నుంచి ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు ఒకడు, మేనమామను వెంటబెట్టుకుని, విజయనగరంలో నేను డైవింగ్ నేర్పే ఈత కొలను దగ్గరికి వచ్చాడు. అతని పేరు ఇక్కడ రాయను, కుర్రవాడు అనే అంటాను. ఇది రాస్తున్నానని అతనికి తెలుసు. రాయమని చెప్పిందీ అతనే.

వచ్చిన పని సూటిగా చెప్పాడు. చింతపల్లి ఎదురుగా సముద్రంలో రాళ్లున్నాయి. అక్కడి శాంతపల్లి దీపస్తంభం కట్టిందే ఆ రాళ్ల సంగతి ఓడలకు తెలియడానికి. దీపం ఓడలను కాపాడుతుంది కానీ వలలను కాపాడదు. రాళ్లకు తగులుకున్న వలను విడిపించడానికి పడవలో ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టి దూకాలి. వాళ్ల పడవలో ఆ పని అతనిదే. "సిలిండర్ కట్టుకుంటే కింద ఎంతసేపైనా ఉండవచ్చు కదా, మాస్టారూ?" అని అడిగాడు.

ఎంతసేపైనా ఉండలేమని, లోతును బట్టి సమయానికి హద్దు ఉంటుందని చెప్పాను. చూసి ఆనందించడానికి దిగేవారి కోర్సు వేరు, నీటి అడుగున పని చేసేవారి శిక్షణ వేరు అని కూడా చెప్పాను. వల, తాడు, కత్తి చేతిలో పెట్టుకుని ఒంటరిగా దిగడానికి నా కోర్సు అర్హత కాదు. ఈ మాట మొదటి రోజే స్పష్టంగా చెప్పకపోతే తీరప్రాంతపు యువకుల ప్రాణాలతో ఆడుకున్నట్టే అవుతుందని నా గట్టి నమ్మకం. మేనమామ తల ఊపాడు. కుర్రవాడు, "పునాది ఒకటే కదా, ముందు అది నేర్పండి" అన్నాడు.

ఆరోగ్య ప్రశ్నావళి నింపించాను. 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలుతూ ఉండడం చూశాను. ఈ రెండూ అతనికి పరీక్షలే కావు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను నోట్లో నుంచి తీసి మళ్లీ పెట్టుకోవడం, చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం, జాకెట్‌లో గాలి నింపి తేలడం అన్నీ రెండు రోజుల్లో వచ్చేశాయి. ఆగిపోయింది ఒక్క మాస్క్ దగ్గరే.

గాగుల్స్, మీసం

అతను తన గాగుల్స్ వెంట తెచ్చుకున్నాడు. ఈతకు వాడే చిన్న రబ్బరు గాగుల్స్ అవి. వాటితోనే దిగుతానని పట్టుబట్టాడు. ఈ ప్రశ్న దాదాపు ప్రతి కొత్తవారూ అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నీళ్లలో కళ్లు తెరిస్తే మసకగా కనిపించేది నీళ్లు మురికిగా ఉన్నందువల్ల కాదు. మన కంటికి చూపును కుదిర్చే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు కార్నియాది, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొరది. దాని ముందు గాలి ఉన్నప్పుడే ఆ శక్తి పనిచేస్తుంది. నీళ్లు తగిలితే దాదాపు పోతుంది. కాబట్టి కంటి ముందు ఒక గాలి గది కావాలి, అద్దం వెనకున్న ఖాళీ అదే. ఆ గాలి గది ఉన్నా వస్తువులు మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయి. కొత్తవారు చేప కోసం చేయి చాపి అందక తెల్లబోయేది అందుకే.

మరి గాగుల్స్‌లోనూ గాలి ఉంది కదా? ఉంది, కానీ ఆ గాలికి దారి లేదు. 10 మీటర్ల లోతుకు దిగితే ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు అవుతుంది, మూసుకుపోయిన గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఆ లోటును పూడ్చడానికి ఏమీ లేక గాగుల్స్ కళ్లను పీల్చుకుంటాయి. కంట్లో రక్తనాళాలు చిట్లి కన్ను ఎర్రబారుతుంది. డైవింగ్ మాస్క్‌లో ముక్కు కూడా లోపలే ఉంటుంది. దిగుతున్నప్పుడు ముక్కుతో కొద్దిగా గాలి వదిలితే లోటు తీరుతుంది. ఇది విన్నాక కుర్రవాడు, "వల విడిపించి పైకొచ్చినప్పుడు నా కళ్లు ఎర్రగా ఉంటే ఉప్పునీళ్ల వల్ల అనుకునేవాణ్ణి" అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అలా దిగుతున్నాడో అడగడానికి నాకు మనసు రాలేదు.

తర్వాతి చిక్కు మీసం. పట్టీ తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా పీల్చి చేయి వదిలేస్తే అది ముఖానికే అంటుకుని ఉండాలి. సరిపోయిన మాస్క్‌కు గుర్తు అదే. అతనికి ఏ మాస్క్ పెట్టినా రెండు క్షణాల్లో జారిపోయింది. ముక్కు కింద సిలికాన్ అంచు ఆనే చోట ఒత్తైన మీసం ఉంది. చర్మానికీ అంచుకీ మధ్య ఒక్క వెంట్రుక ఉన్నా నీటికి దారి దొరుకుతుంది. మీసం పైవరుస కొంచెం కత్తిరించుకోమన్నాను.

"సింహాచలం అప్పన్నకు మొక్కు ఉంది మాస్టారూ. తలనీలాలు ఇచ్చేదాకా కత్తెర తాకనివ్వను."

అది దాటి అడగడం నా పని కాదు. మీసం పైవరుసకు సిలికాన్ గ్రీజు పలచగా రాశాం. పెట్రోలియం జెల్లీ వాడవద్దన్నాను, అది మాస్క్ అంచుల్ని, డైవింగ్ సామగ్రిలో రబ్బరు భాగాల్ని పాడుచేసే అవకాశం ఉంది. పట్టీ బిగిస్తే కారడం ఆగుతుందని అతను రెండుసార్లు బిగించుకున్నాడు. ఎక్కువగా బిగిస్తే అంచు వంకరపోయి ఇంకా కారుతుంది. పట్టీ మాస్క్‌ను కదలకుండా ఉంచుతుంది అంతే, అతికించి ఉంచేది నీటి ఒత్తిడే. గ్రీజు రాసినా నిమిషానికో చెంచాడు నీళ్లు లోపలికి వస్తూనే ఉన్నాయి. అప్పుడు దీన్ని లోపంగానే చూశాను.

నేను "భయం" అని రాసుకున్న రోజు

మాస్క్ నైపుణ్యాలకు ఒక వరుస ఉంది. ముందు కొద్దిగా నీళ్లు రానిచ్చి ఖాళీ చేయడం, తర్వాత పూర్తిగా నింపి ఖాళీ చేయడం. ఆపైన మాస్క్ తీసేసి కనీసం ఒక నిమిషం ఊపిరి తీసుకోవడం, మళ్లీ పెట్టుకుని ఖాళీ చేయడం, చివరికి మాస్క్ లేకుండా 15 మీటర్లు ఈదడం. ఖాళీ చేసే పద్ధతి చెప్పడానికి తేలిక. నోటితో పీల్చాలి, మాస్క్ పైఅంచును వేళ్లతో నుదుటికి నొక్కిపట్టాలి, ముక్కుతో వదలడం మొదలుపెట్టాలి, వదులుతూనే గడ్డం పైకెత్తాలి. లోపలికి వచ్చిన గాలి పైభాగంలో చేరి నీటిని కిందకు తోస్తుంది, నీళ్లు కింది అంచు నుంచి బయటికి పోతాయి. ఇందులో వరుస ముఖ్యం. ఊపిరి వదలక ముందే తల ఎత్తితే నీళ్లు ముక్కులోకి జారతాయి.

మూడో రోజు నడుము లోతులో సగం నింపి ఖాళీ చేయించాను. మొదటిసారే చేశాడు. రెండోసారి ఇంకా బాగా చేశాడు, ఒక్క ఊపిరితో మాస్క్ పొడిగా అయిపోయింది. నాకు సంతోషమేసింది. ఆ సంతోషంలోనే తప్పు చేశాను. నాలుగో రోజు నేరుగా ఆరడుగుల లోతుకు తీసుకెళ్లి పూర్తిగా నింపమన్నాను.

మోకాళ్ల మీద కూర్చుని ఎదురెదురుగా ఉన్నాం. నా కుడిచేయి అతని జాకెట్ భుజం మీద ఉంది. అతను అంచు పైకి లేపాడు, నీళ్లు నిండాయి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను చూసేది బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయని. ముక్కుతో వదిలితే మాస్క్ కింది అంచు నుంచి రావాలి. అతనికి రెగ్యులేటర్ పక్కల నుంచి వచ్చాయి. అంటే నోటితో వదులుతున్నాడు, మాస్క్ నిండుగానే ఉంది. తర్వాత బుడగలే ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టేశాడు. 'వదులు' అని సైగ చేద్దామంటే కళ్లు మూసి ఉన్నాయి. నేను భుజం తట్టేలోపే నేలను తన్ని పైకి లేచాడు.

స్కూబాలో, అంటే సిలిండర్ కట్టుకుని చేసే డైవింగ్‌లో, మొదటి నియమం ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. నీటి అడుగున ఒత్తిడి మీద పీల్చిన గాలి పైకి వస్తుంటే వ్యాకోచిస్తుంది. దారి మూసి ఉంటే ఊపిరితిత్తుల సన్నటి గాలి గదులు చిరిగిపోగలవు. దీనికి పెద్ద లోతు అక్కర్లేదు, నిండు ఊపిరితో మీటరుకు కాస్త పైన ఎత్తు లేచినా ప్రమాదమే. ఈత కొలనులో ఏమవుతుందిలే అనుకోవడానికి వీల్లేదు. జాకెట్ పట్టుకుని వేగం తగ్గించాను, రెండో చేత్తో రెగ్యులేటర్ నోట్లోంచి ఊడకుండా అదిమిపట్టాను, పొట్ట మీద తట్టాను. సగం దారిలో గాలి వదిలాడు. పైకొచ్చి దగ్గాడు.

గట్టు మీద కూర్చోబెట్టి మాట్లాడించాను. గొంతు బొంగురుపోలేదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, చేతుల్లో తిమ్మిరి ఏమీ లేవు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లేవాణ్ణి. అరగంట పక్కనే ఉండి చూశాను. ఆ రోజుకు శిక్షణ ఆపేశాను. సాయంత్రం నా పుస్తకంలో రాసుకున్నాను: "భయం. రెండు రోజులు విశ్రాంతి. మళ్లీ లోతు తక్కువ చోట ప్రయత్నం."

ఆ మాట తప్పు. ఇంటికి వెళ్లే ముందు కుర్రవాడు నాతో చెప్పింది నేను విని కూడా వినలేదు. "భయం కాదు మాస్టారూ. గొంతు మూసుకుపోయింది." మేనమామ ఓదార్పుగా, మొదట్లో ఎవరికైనా భయం ఉంటుందిలే అన్నాడు. నేనూ అదే అన్నాను. కుర్రవాడు ఇంకేమీ మాట్లాడలేదు. తుపాను గాలిలో పడవ నడిపినవాడు, రాళ్ల మధ్య ఊపిరి బిగబట్టి వల విడిపించేవాడు, భయం ఏదో, భయం కానిది ఏదో తెలిసినవాడు. అతని మాట కంటే నా అలవాటు మాటనే నమ్మాను.

దూది పోగు

మర్నాడు ఉదయం ఆ వాక్యం మళ్లీ గుర్తొచ్చింది. గొంతు మూసుకుపోవడం నిజంగా జరిగే విషయం. ముఖానికి, ముక్కు లోపలికి స్పర్శ తెలియజేసేది ట్రైజెమినల్ నాడి. అక్కడ నీళ్లు తగిలితే శ్వాస ఆగడం, గుండె వేగం తగ్గడం పుట్టుకతో వచ్చిన ప్రతిచర్యలు. నీళ్లు ముక్కు నుంచి గొంతు వెనక్కి చేరితే శ్వాసనాళం తలుపు దానంతట అదే మూసుకుంటుంది. ధైర్యం చెబితే అది తెరుచుకోదు.

మరి మూడో రోజు అంత చక్కగా ఎలా చేశాడు? అతన్ని పిలిపించి గట్టు మీదే మళ్లీ చేసి చూపించమన్నాను. అప్పుడు తెలిసింది. నీళ్లు రానిచ్చే ముందే నిండా పీల్చుకుంటున్నాడు, బిగబడుతున్నాడు, తర్వాత ఒక్క ఊపున ముక్కుతో చీదుతున్నాడు. వల దగ్గర చేసే పనే ఇది. నీళ్లు ముక్కు దగ్గర ఉండగా అతను ఒక్కసారి కూడా *పీల్చలేదు*. ఖాళీ చేయడం అంటే ఊపిరి వదలడం, అది ఈతగాళ్లందరికీ వస్తుంది. మాస్క్‌లో నీళ్లుండగా తొందర లేకుండా నోటితో పీల్చగలగడమే అసలు నైపుణ్యం. నేను పరీక్షించింది మొదటిది, ముద్ర వేసింది రెండోదానికి.

ఇంకో పరీక్ష చేశాను. స్నార్కెల్, అంటే ముఖం నీళ్లలో ఉండగా ఊపిరి తీసుకునే గొట్టం, నోట్లో పెట్టించి, ముక్కు రంధ్రాల కింద సన్నటి దూది పోగు పట్టుకుని, నోటితో మాత్రమే గాలి పీల్చమన్నాను. దూది పోగు ప్రతిసారీ లోపలి వైపు కదిలింది. అతనికి తెలియకుండానే నోటితో పాటు ముక్కుతో కూడా పీలుస్తున్నాడు. మాస్క్ పెట్టుకుని ఉంటే ఈ తప్పు బయటపడదు. ముక్కు దగ్గరున్నది మూసిన గది, పీల్చినా రావడానికి పెద్దగా ఏమీ ఉండదు. నీళ్లు చేరాక ఆ పీల్చిన గుక్క నీళ్లవుతుంది. గొంతు తన పని తాను చేస్తుంది.

బ, మ

ఇక్కడ నేను మరో విద్యార్థికి రుణపడి ఉన్నాను. అంతకు ముందు చలికాలంలో సంగీతం నేర్చుకున్న ఒక అమ్మాయి నా దగ్గర కోర్సు చేసింది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది, విజయనగరంలో గాత్రం నేర్చుకున్నవారు ప్రతి వీధిలో ఉంటారు. ఆ అమ్మాయి ఈత అంతంతమాత్రం. మాస్క్ తీసి నిమిషం ఊపిరి తీసుకోవడం మాత్రం మొదటిసారే చేసేసింది. ఎలా చేశావమ్మా అని అడిగితే, "నోరు మూసి మ్ అని శ్రుతి పట్టేటప్పుడు గాలి ముక్కులోంచి పోతుంది కదా సార్, దానికి ఉల్టా చేశాను" అంది. అప్పుడు మెచ్చుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాట పట్టుకున్నాను.

కుర్రవాణ్ణి 'బ' అనమన్నాను, 'మ' అనమన్నాను. రెండింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి. తేడా అంతా లోపల ఉంది. 'బ' అంటే అంగిలి వెనక మెత్తటి భాగం, కొండనాలుకతో సహా, పైకి లేచి ముక్కు దారి మూసేస్తుంది. 'మ' అంటే అది కిందకు దిగి ముక్కు దారి తెరుస్తుంది. ముక్కు మూసుకుని 'మ్‌' అని సాగదీస్తే సాగదు, ఆగిపోతుంది. అతను రెండు వేళ్లతో ముక్కు పట్టుకుని చూసుకున్నాడు. చూసుకుని, చిన్నపిల్లవాడిలా మళ్లీ మళ్లీ చేశాడు. ఇన్నేళ్లుగా పలుకుతున్న అక్షరాల్లో ఒక తలుపు ఉందని తెలిసిన ముఖం అది.

తర్వాత పద్ధతి ఇలా పెట్టాను. 'బ్‌' అనబోయి ఆగాలి. కొండనాలుకను అక్కడే పట్టుకుని నోటితో పీల్చాలి. 'మ్‌' అంటూ ముక్కుతో వదలాలి. పది నిమిషాలకు దూది పోగు పీల్చేటప్పుడు కదలడం మానేసింది.

గట్టు మీద వచ్చినది నీళ్లలో రావాలంటే సాధన కావాలి. కొలను గంటకు అద్దె, ఊరి నుంచి రావడానికి బస్సు ఖర్చు. ఇంట్లోనే చేసుకోమని స్టీలు బేసిన్ పద్ధతి చెప్పాను. నీళ్లు కాచి చల్లార్చినవి కావాలి, ముక్కులోకి వెళ్లే నీటి విషయంలో దీనికి మినహాయింపు లేదు. లీటరుకు సుమారు తొమ్మిది గ్రాముల ఉప్పు కలపాలి. మన శరీర ద్రవాలంత ఉప్పదనం ఉంటే ముక్కు మండదు, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునే జలనేతి చేసేవారికి ఇది తెలిసిన సంగతే. కొలను నీళ్లు ముక్కులోకి పోతే నెత్తికెక్కినట్టు మంట పుట్టేది ఆ ఉప్పు లేకనే. మంట లేకపోతే శరీరం తొందరపడదు, నేర్చుకోవడానికి వ్యవధి ఇస్తుంది. మాస్క్ లేకుండా, స్నార్కెల్ నోట్లో పెట్టుకుని, ముఖం నీళ్లలో ఉంచి ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

పన్నెండు రోజులు చేశాడు. మొదటి మూడు రోజులు అయిదారు ఊపిరులకే తల ఎత్తేసేవాడినని ఫోనులో చెప్పాడు. నాలుగో రోజు ఇరవై దాటాయి. ఏడో రోజు అతని అమ్మమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టిందట, వంద అయ్యాక "ఇక లేవరా, అన్నం చల్లారిపోతోంది" అనేదాకా లేవలేదట.

మళ్లీ కొలనులో

మే నెల చివర్లో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి వరుసను నేను తలకిందులు చేశాను. మాస్క్ ఖాళీ చేయడం ముందు కాదు, మాస్క్ లేకుండా ఊపిరి తీసుకోవడమే ముందు. నడుము లోతులో నిలబడి, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, వంగి ముఖం మాత్రం నీళ్లలో పెట్టమన్నాను. లేవాలనిపిస్తే నిటారుగా నిలబడితే చాలు. ఆ దారి తెరిచి ఉందని తెలిస్తే చాలామందికి దాని అవసరమే రాదు.

రెండు చిన్న విషయాలు చాలా పనిచేశాయి. చూపు కాస్త కిందకు ఉంచితే ముక్కు రంధ్రాల్లో కొంచెం గాలి చిక్కుకుని నీటిని అడ్డుతుంది, పైకి చూస్తే ఆ గాలి జారిపోయి నీళ్లు ఎక్కుతాయి. రెండోది, రెగ్యులేటర్ నుంచి వచ్చే బుడగలు ముఖం మీదుగా పోతూ ముక్కును గిలిగింతలు పెడతాయి, కొత్తవారు అది నీళ్లు ఎక్కడమే అనుకుంటారు. తల కొద్దిగా పక్కకు వంచితే బుడగలు చెంప మీదుగా వెళ్లిపోతాయి. మొదటి ప్రయత్నంలో నిమిషానికి ఇరవై ఆరు ఊపిరులు లెక్కపెట్టాను. మూడో రోజుకు పద్నాలుగు.

ఒక నిమిషం అని నియమం ఉన్నా నేను మూడు నిమిషాలకు ఆపాను. ఒక నిమిషం ఓర్చుకోవచ్చు. మూడు నిమిషాలు ఓర్చుకోవడం కుదరదు, అలవాటు కావాలి.

తర్వాత ఖాళీ చేయడం ఒక గంటలో పూర్తయింది. 'మ్‌' అని రాగం తీస్తూ గడ్డం ఎత్తమన్నాను. నీళ్లలో ఆ ధ్వని నాకు వినిపిస్తుంది. బుడగలు చూడనక్కర్లేకుండానే ముక్కుతో వదులుతున్నాడో లేదో తెలిసిపోతుంది. ఒకే ఊపిరికి ఖాళీ చేయాలని పట్టుదల పడితే ఆపాను. రెండు, మూడు ఊపిరులు తీసుకోవాలి, మధ్యలో సగం నీళ్లు ఉండగానే నింపాదిగా పీల్చాలి. మొదట్లో తప్పిపోయిన ముక్క అదే కదా.

పూర్తిగా తీసి పెట్టుకోవడంలో చేతులకు నేర్పాల్సినవి కొన్ని ఉన్నాయి. తీసిన మాస్క్‌ను ఒక చేయి ఎప్పుడూ వదలకూడదు. కళ్లకు కనిపించదు కాబట్టి ముక్కు గూడు ఎటుందో వేలితో తడిమి పైకిందులు తెలుసుకోవాలి. ముందు ముఖానికి ఆనించాలి, నుదుటి మీద జుట్టు వెనక్కి తోయాలి, పట్టీ వేసుకోవాలి, వేలితో అంచు చుట్టూ తడిమి మడత పడలేదని చూసుకోవాలి, అప్పుడు ఖాళీ చేయాలి. అతని మొక్కు జుట్టు పొడవుగా ఉండడంతో ఈ తడమడం మిగతావారికన్నా బాగా వచ్చింది.

మీసం విషయంలో నా అభిప్రాయం కూడా అప్పుడే మారింది. నిమిషానికో చెంచాడు నీళ్లు కారుతున్న మాస్క్‌తో అతను నలభై నిమిషాలు ఉండేవాడు. ప్రతి రెండు మూడు నిమిషాలకు, నేను అడగకుండానే, నడుస్తూ చెమట తుడుచుకున్నంత మామూలుగా ఖాళీ చేసుకునేవాడు. జూన్ మొదటి వారంలో సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకుని, నున్నటి తల, నున్నటి పైపెదవితో వచ్చాడు. ఆ రోజు మాస్క్‌లోకి చుక్క నీళ్లు రాలేదు. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే తనే అంచు లేపి నీళ్లు రానిచ్చుకుంటున్నాడు. పైకొచ్చాక అడిగితే, "లోపల పొడిగా ఉంటే మరిచిపోతానేమో అనిపించింది" అన్నాడు.

మాస్క్ లేకుండా 15 మీటర్ల ఈత నా చేయి పట్టుకుని ఒకసారి, కొలను గోడ తాకుతూ ఒకసారి చేశాడు. జూన్ 15న వేట మొదలైంది, పడవ వెళ్లిపోయింది.

నాలుగు బారల లోతు

సముద్రంలో డైవింగ్‌కు ఈ తీరంలో చలికాలమే నయం. సంక్రాంతి వెళ్లాక మళ్లీ కలిశాం. ఏడు నెలల విరామం కాబట్టి ముందు రోజు కొలనులో అన్నీ తిరిగి చేయించాను. బేసిన్ మానలేదని చూడగానే అర్థమైంది.

వాళ్ల ఫైబర్ పడవలోనే వెళ్లాం. మేనమామ లంగరు వేసి, తాడు లెక్క చూసి, "నాలుగు బారలు" అన్నాడు, అంటే ఏడు మీటర్ల పైచిలుకు. చేయి చాపితే వేళ్లు, ఆపైన మరో బారెడు మాత్రం కనిపిస్తున్న నీళ్లు. కొలనులో లేనిది ఇక్కడ ఒకటుంది, అడుగున కూడా కెరటం ఊపు మనిషిని ముందుకు వెనక్కు తోస్తుంది. మోకాళ్ల మీద కూర్చోవడం కుదరలేదు. లంగరు తాడు ఒక చేత్తో పట్టుకోమన్నాను. దాంతో మాస్క్‌కు ఒక్క చేయే మిగిలింది. ఒంటిచేత్తో ఎన్నడూ చేయించలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మొదటి దిగుడులో అందుకే సగం నింపి ఖాళీ చేయడంతో ఆపాను.

రెండో దిగుడులో నేను అతని జాకెట్ పట్టుకున్నాను, అతను తాడు వదిలాడు. మాస్క్ నింపాడు. రెండు ఊపిరులు ఊరికే తీసుకున్నాడు, తొందరేమీ లేదన్నట్టు. తర్వాత 'మ్‌' వినిపించింది, గట్టిగా, పొడవుగా. మూడు విడతల్లో ఖాళీ అయింది. మాస్క్ పూర్తిగా తీసి చేతిలో పట్టుకుని నిమిషం ఉన్నాడు, ఊపిరులు పదహారు. పెట్టుకున్నాక పట్టీ మెలిపడింది. తనే తడిమి చూసుకుని, తీసి, సరిచేసి, మళ్లీ ఖాళీ చేశాడు. అది నేను అడిగిన పని కాదు.

పడవలోకి ఎక్కాక చాలాసేపు మాట్లాడలేదు. కాసేపటికి, "గొంతు మూసుకోబోయింది మాస్టారూ, తెలిసింది. బ దగ్గర పట్టుకుని ఉన్నాను, ఆగింది" అన్నాడు. ప్రతిచర్య పోలేదన్నమాట. అది వస్తోందని ముందే తెలుసుకుని నిలబడగలుగుతున్నాడు. ఈ మాటను ఈసారి అతను చెప్పింది చెప్పినట్టే పుస్తకంలో రాసుకున్నాను.

ఆ కేసు తర్వాత మొదటి రోజు నా సంచిలో కొత్తగా చేరింది దూది. ఎంత గొప్ప ఈతగాడైనా, ఈత రానివారైనా, నీళ్లలోకి దిగక ముందే ముక్కు కింద పోగు పట్టి చూస్తున్నాను. కదిలితే బేసిన్ ఇచ్చి ఇంటికి పంపుతున్నాను. దీనివల్ల కోర్సు వారం పది రోజులు సాగుతుంది. సెలవు పెట్టుకుని వచ్చినవారికి నచ్చదు. అయినా మార్చుకోను.

కుర్రవాడితో ఇంకా రెండు పనులు మిగిలాయి. నీళ్లు నిండిన మాస్క్‌లో ఇప్పటికీ కళ్లు మూసుకునే ఉంటాడు, నా సైగలు చూడాలంటే మసకగానైనా తెరవడం నేర్చుకోవాలి. రెండోది ఒంటిచేత్తో మాస్క్ పెట్టుకోవడం, ఎడమచేత్తో లంగరు తాడు పట్టుకుని. వచ్చే ఆదివారం కొలనులో తాడు కట్టి మొదలుపెడుతున్నాం. మేనమామ కూడా దూది పోగు పరీక్షకు కూర్చుంటానన్నాడు.